పుస్తకాన్ని బట్టి మనిషిని తూచవచ్చునా? – ‘రాధికా సాంత్వనం’ నుంచి సింగ్‌భూమ్ వరకు

తాటిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లు తాగినట్టే లోకం భావిస్తుందని తెలుగువారి సామెత. మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూసి అతడేం తాగుతున్నాడో నిర్ణయించే ఈ లోకరీతి గ్రంథ ప్రపంచానికీ పాకింది. ఒకరి చేతిలో ఏ పుస్తకం ఉంది, ఏ పుస్తకాన్ని వారు ఇతరులకు చదవమని చెప్పారు, దేనికి పీఠిక రాశారు అన్న వాటిని ఆధారం చేసుకొని వారి శీలాన్ని నిర్ధారించే అలవాటు అతి ప్రాచీనమైనది. అక్షరాస్యత పెరిగి అచ్చుయంత్రం ఇంటింటికీ పుస్తకాన్ని చేర్చిన తరువాత ఈ అలవాటు తగ్గలేదు సరికదా, చట్టం అండ కూడా దొరికి మరింత బలపడింది. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో తెలుగుదేశంలో చెలరేగిన ఒక సాహిత్య వివాదం ఈ సమస్య లోతుపాతులను తేటతెల్లం చేస్తుంది. దానిని ఈనాడు స్మరించుకోవలసిన అవసరాన్ని జార్ఖండ్ రాష్ట్రంలోని ఒక ఇటీవలి ఉదంతం గుర్తుచేస్తున్నది.

సింగ్‌భూమ్ నేలలో ఒక ఉదంతం

సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమ స్థలిలో వెలసిన జంషెడ్‌పూర్ ఉక్కు నగరంగా లోకప్రసిద్ధం. ఒకప్పుడు సాక్‌చీ అనే చిన్న గ్రామం. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడగా, 1912లో ఇక్కడ తొలి ఉక్కు తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి సంస్థాపకుడు జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఈ నగరంలో స్థిరపడి, బిష్టుపూర్‌లో రామమందిరాన్ని నిర్మించుకొని, తమ భాషను, పండుగలను నిలుపుకుంటున్నాయి. ఈ నగరం తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు కేంద్రం. ఆ జిల్లాలోనే ఉన్న ఘాట్‌శిలా వంగ నవలాకారుడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950లో కన్నుమూసిన ఊరు. సంతాల్ జాతికి చెందిన రచయిత, వైద్యుడు హాంస్‌దా సౌవేంద్ర శేఖర్‌కూ ఈ ప్రాంతంతోనే అనుబంధం.

శేఖర్ తొలి నవలకు 2015లో సాహిత్య అకాడమి యువ పురస్కారం లభించింది. అదే సంవత్సరం ఆయన పది కథలతో వెలువరించిన ఆంగ్ల సంపుటి ‘ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్’ రెండేళ్ల తరువాత పెను వివాదానికి గురి అయింది. అందులోని ఒక కథలో, ఆకలి బాధతో లొంగిపోయిన ఒక సంతాల్ యువతి చిత్రణ ఆ జాతి స్త్రీలను కించపరుస్తున్నదని కొందరు ఆక్షేపించారు. పాకుడ్‌లో రచయిత దిష్టిబొమ్మను దహనం చేశారు. 2017 ఆగస్టులో రాష్ట్ర శాసనసభలో ప్రతిపక్ష సభ్యులు నిషేధం కోరగా, జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహిస్తున్న నాటి ముఖ్యమంత్రి రఘువర్ దాస్ అందుకు ఆదేశించారు. అధికారపక్షం, ప్రతిపక్షం ఒక్కటైన అరుదైన సందర్భాలలో అది ఒకటి. పాకుడ్ జిల్లాలో ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేస్తున్న శేఖర్‌ను ఆ నెలలోనే సస్పెండు చేశారు. పుస్తకాన్ని పరిశీలించిన మీదట అందులో ఆక్షేపించదగినదేదీ కనిపించనందున 2017 డిసెంబరులో నిషేధాన్ని ఎత్తివేశారు.

ఆక్షేపించినవారి ఆవేదనను తేలికగా కొట్టిపారవేయరాదు. శతాబ్దాలుగా పరుల కలాలలో వికృతరూపం దాల్చిన ఒక జాతి తనను గురించిన ప్రతి వాక్యాన్నీ అనుమానంతో చూడడం సహజమే. అయితే ఇక్కడ జరిగిన తర్కవ్యత్యయం గమనింపదగినది. కథలోని పాత్ర స్థితి రచయిత మనస్థితిగా మారిపోయింది. ఒక కథ పది కథల సంపుటిగా మారిపోయింది. సంపుటి మనిషిగా మారిపోయింది. చివరకు ఆ మనిషి చేసే వైద్యవృత్తి సైతం ఆ తీర్పు పరిధిలోకి వచ్చింది. సరిగ్గా ఈ మెట్ల మీదుగానే నూరేళ్ల క్రితం తెలుగునాట ఒక విదుషీమణిని దోషిగా నిలబెట్టారు.

ఒక కావ్యం, ఇద్దరు స్త్రీలు

తంజావూరును పాలించిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె వేశ్యా కులంలో జన్మించింది. సంగీత సాహిత్యాలలో నిష్ణాతురాలు. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు చేసిన భక్తురాలు కూడా. ఆమె రచించిన ‘రాధికా సాంత్వనం’ నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచి పెద్దచేసిన ఇళాదేవిని రాధ శ్రీకృష్ణునికిచ్చి వివాహం జరిపించడం, ఆపై ఈర్ష్యతో తపించడం, అలిగిన రాధను కృష్ణుడు ఓదార్చడం ఇందులోని ఇతివృత్తం. ప్రబంధ కవులలో నాయకుని కోరికకు ఉండే ప్రాధాన్యం ఈ కావ్యంలో నాయికకు దక్కింది. నడివయసు స్త్రీ హృదయంలోని అసూయ, అభిమానం, కోరిక ఇంత సూటిగా, స్త్రీ కంఠంతో, అంతకుముందు తెలుగు కావ్యంలో వినిపించలేదనే చెప్పవచ్చు.

ఈ గ్రంథం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌తో కలిసి పనిచేసిన పైడిపాటి వేంకటనరసు వ్యాఖ్యతో 1887లో అచ్చయింది. కాని అందులో అవతారిక, ఫలశ్రుతి లోపించాయి. అంటే కవయిత్రి తన వంశాన్ని, తన గురువులను, తన పాండిత్యాన్ని చెప్పుకున్న భాగాలే గ్రంథం నుంచి తొలగిపోయాయి. కావ్యం మిగిలింది, కర్త మరుగున పడింది.

ఆ కర్తను మళ్లీ వెలుగులోకి తెచ్చిన వ్యక్తి బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). మైసూరు రాజ్యంలోని నంజనగూడులో జన్మించి, మద్రాసులో గాయనిగా విఖ్యాతి పొందిన నాగరత్నమ్మ కన్నడ, తెలుగు, సంస్కృత భాషలను అభ్యసించిన విదుషి. తంజావూరు సాహిత్యాన్ని గురించిన ఒక రచనలో ముద్దుపళని ప్రశంస చూసి కావ్యం కోసం వెదికింది. దొరికిన అచ్చుప్రతి తప్పులతడకగా ఉండటంతో వ్రాతప్రతిని సంపాదించి, రెండింటినీ సరిచూసి, లోపించిన పద్యాలను చేర్చి, 1910లో మద్రాసులోని వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ ద్వారా పరిష్కృత ముద్రణను వెలువరించింది. ఎన్నిసార్లు చదివినా మళ్లీ చదవాలనిపించే రసవంతమైన కావ్యమనీ, స్త్రీ రచన కావడమే కాక తన కులంలో పుట్టిన స్త్రీ రచన కావడం వల్ల దానిని యథాతథంగా లోకానికి అందించడం తన విధి అనుకున్నాననీ పీఠికలో వివరించింది.

సంస్కర్త తీర్పు

ఈ ముద్రణకు ముందే కందుకూరి వీరేశలింగం పంతులు (1848–1919) తన ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ముద్దుపళనిని ప్రస్తావించారు. ఆమె పాండిత్యాన్ని, కవితా ధారను ఆయన నిరాకరించలేదు. కాని ఆమె వేశ్య అనే విషయాన్ని ముందుపెట్టి, శృంగారరసం మిషతో స్త్రీలు వినరాని, స్త్రీనోట రాకూడని వర్ణనలను సిగ్గువిడిచి గుప్పించిందని నిరసించారు. కవయిత్రి కులం కావ్యానికి వ్యాఖ్యానమైంది. కావ్యం తిరిగి కవయిత్రి శీలానికి సాక్ష్యమైంది. తర్కశాస్త్రంలో దీనిని అన్యోన్యాశ్రయ దోషమంటారు.

నాగరత్నమ్మ ముద్రణ వెలువడ్డాక ఈ తీర్పు పరిధి విస్తరించింది. ఒక వేశ్య రాసిన కావ్యాన్ని మరొక వేశ్య అచ్చువేసిందన్న ఈసడింపు పత్రికలకెక్కింది. గ్రంథ పరిష్కరణంలో ఆమె పడిన శ్రమ, పాఠాంతరాలు, భాష ఇవేవీ చర్చకు రాలేదు. గ్రంథాన్ని మెచ్చుకున్న కారణంగా ఆమె శీలం చర్చకు వచ్చింది.

నాగరత్నమ్మ మౌనం వహించలేదు. ఆమె ప్రత్యుత్తరంలోని పదును తెలుగు విమర్శ చరిత్రలో నేటికీ అరుదైనదే. సిగ్గు, ఔచిత్యం అనేవి స్త్రీలకు మాత్రమే వర్తిస్తాయా, పురుషులకు వర్తించవా అని ప్రశ్నించింది. సారంగు తమ్మయ్య రచించిన ‘వైజయంతీ విలాసం’లో ఇంతకన్నా పచ్చి వర్ణనలు లేవా, దానిని పంతులుగారే స్వయంగా పరిశీలించి ఆమోదించలేదా అని అడిగింది. పంతులుగారు రచించిన ‘రసికజన మనోరంజనం’ మాటేమిటని నిలదీసింది.

ఆమె వాదంలోని సూక్ష్మాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. ‘వైజయంతీ విలాసా’న్ని ఆమోదించినందువల్ల వీరేశలింగం శీలహీనుడని ఆమె అనలేదు. ఆ గ్రంథాన్ని ఆమోదించినా ఆయన పెద్దమనిషిగానే నిలిచినప్పుడు, ‘రాధికా సాంత్వనా’న్ని మెచ్చిన స్త్రీ ఎందుకు నిలవరాదన్నదే ఆమె ప్రశ్న. కొలబద్ద ఒకటే అయితే ఇద్దరికీ వర్తించాలి. లేదా ఆ కొలబద్దనే పక్కన పెట్టాలి. ఈ ప్రశ్నకు నాటి సమాజం సూటిగా సమాధానం చెప్పలేదు.

కొలబద్ద చట్టమైనప్పుడు

సమాధానం పోలీసుల రూపంలో వచ్చింది. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు కావ్యంలోని కొన్ని భాగాలను ఆంగ్లీకరించి, అవి అశ్లీలమని నివేదించాడు. 1911లో మద్రాసు పోలీసులు గ్రంథ ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. వావిళ్లవారు, వారి పక్షాన పండితులు ప్రభుత్వానికి విన్నవించుకున్నా ఫలితం లేకపోయింది. సంస్కృతాంధ్రాలలో శృంగారం అంగిరసంగా వెలసిన కావ్యాలు ఎన్నో విద్యాలయాలలో పాఠ్యాలుగా ఉన్నాయని, ‘గీతగోవిందం’ పూరీ జగన్నాథుని సన్నిధిలోనే గానం చేస్తారని తెలిసిన దేశంలో ఒక్క రాధ వేదనకే ముద్ర పడింది.

మూడున్నర దశాబ్దాలు గడిచాయి. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారు గ్రంథాన్ని పునర్ముద్రించారు. నాగరత్నమ్మ కన్నుమూసినదీ ఆ సంవత్సరమే.

నిషేధం వెనుక పనిచేసిన న్యాయసూత్రం ఇంగ్లండు నుంచి దిగుమతి అయినది. 1868లో హిక్లిన్ కేసులో అక్కడి న్యాయస్థానం, చెడు ప్రభావాలకు లోనయ్యే స్వభావం గలవారి చేతికి చిక్కితే వారిని చెరిపే లక్షణం ఏ రచనకు ఉందో అది అశ్లీలమని నిర్వచించింది. ఈ సూత్రంలో గ్రంథం కంటే పాఠకుని శీలానికే ప్రాధాన్యం ఉన్నదన్నది గమనార్హం. ఎవరు చదువుతారు, వారు ఎంత బలహీనులు అన్న ఊహ మీద గ్రంథం భవిష్యత్తు ఆధారపడింది. 1960లో లండన్‌లో డి.హెచ్. లారెన్స్ నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’పై విచారణ జరిగినప్పుడు, ఈ పుస్తకాన్ని మీ భార్యగాని, మీ ఇంటి పనివారుగాని చదవాలని కోరుకుంటారా అని ప్రభుత్వ న్యాయవాది జూరీని అడిగాడు. చదవగల శక్తి తమకుంది, చదివితే చెడిపోయే బలహీనత స్త్రీలకు, పనివారికి ఉంది అన్న అంతరార్థం ఆ ప్రశ్నలో దాగి ఉంది. ప్రచురణకర్తలు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే నవలను అమ్మిన బొంబాయి పుస్తక విక్రేత రంజిత్ ఉదేశి శిక్షను మాత్రం భారత సుప్రీంకోర్టు 1964లో హిక్లిన్ సూత్రం ఆధారంగానే స్థిరపరచింది. అర్ధశతాబ్ది తరువాత 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని విడనాడి, సమకాలీన సమాజ ప్రమాణాలతో, రచన మొత్తాన్ని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించాలని చెప్పింది.

గ్రంథ సిఫార్సు, రాజకీయ అనుమానం

శృంగారం ఒక్కటే కాదు, రాజకీయ భావం కూడా గ్రంథాన్ని, దానిని మెచ్చినవారిని అనుమానితులను చేస్తుంది. జాతీయోద్యమంలో పాల్గొని వెల్లూరు జైలులో ఉన్న కాలంలో ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958) ‘మాలపల్లి’ నవల రచించారు. అంటరానితనాన్ని, వ్యవసాయ కూలీల బతుకును తెలుగు నవలలో ప్రధాన వస్తువుగా నిలిపిన ఈ రచనకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పీఠిక రాశారు. 1923లో మద్రాసు ప్రభుత్వం దీనిని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో అనుమతించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దీనిని పాఠ్యగ్రంథంగా నిర్ణయించగా 1936లో మళ్లీ నిషేధం పడింది. ఒక నవల అంగడిలో ఉండటం వేరు, దానిని ఒక విద్యాసంస్థ చదవదగినదిగా చెప్పడం వేరని ప్రభుత్వం భావించిందన్నమాట. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గం వచ్చాక ఆ నిషేధం తొలగింది.

గుడిపాటి వెంకటచలం (1894–1979) రచనలకు ఏ ప్రభుత్వ నిషేధమూ అవసరం లేకపోయింది. ‘మైదానం’ వంటి నవలలు వెలువడిన రోజులలో చలాన్ని చదవడమే ఒక నేరంగా, చదివిన స్త్రీని చెడిన స్త్రీగా భావించిన కుటుంబాలు అనేకం. పాఠ్యపుస్తకం మధ్యన దాచుకొని చదివిన తరం, పెద్దరికం వచ్చాక తన పిల్లలు చలాన్ని చదువుతుంటే కలవరపడింది. 1950లో చలం అరుణాచలం చేరి, శేష జీవితాన్ని రమణాశ్రమ సమీపంలో గడిపారు. ‘మైదానం’ను బట్టి చలాన్ని నిర్ణయించినవారికి ఆ చివరి మూడు దశాబ్దాలు ఒక చిక్కుముడిగానే మిగిలాయి.

ఇటీవలి కాలంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకూ వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన వైద్యుడు వినాయక్ సేన్‌కు 2011 ఏప్రిల్‌లో బెయిలు మంజూరు చేసిన సందర్భంలో, ఒకరి ఇంట్లో గాంధీజీ ఆత్మకథ దొరికినంత మాత్రాన ఆ వ్యక్తి గాంధేయవాది అయిపోతాడా అన్న అర్థంలో న్యాయమూర్తులు ప్రశ్నించారు. పుస్తకం మంచిని నిరూపించలేనప్పుడు చెడును మాత్రం ఎలా నిరూపిస్తుందన్నది అందులోని సారాంశం. నాగరత్నమ్మ 1910 దశకంలో అడిగిన ప్రశ్నకు ఇది దగ్గరి బంధువు.

తీర్పు చెప్పేవారి పరీక్ష

అయితే, గ్రంథానికి, మనిషికి ఏ సంబంధమూ లేదనడం కూడా సత్యం కాదు. మనిషి ఇష్టంతో చదివిన గ్రంథాలు అతని ఆలోచనలను దిద్దుతాయి. ఒక పుస్తకాన్ని ఇతరులకు సిఫార్సు చేసేవారు కొంత బాధ్యత వహించక తప్పదు. ఆ బాధ్యతను పరిశీలించే చోటు మాత్రం గ్రంథం పేరు కాదు, సిఫార్సు చేసినవారు చెప్పిన కారణం. నాగరత్నమ్మ ఎందుకు అచ్చువేసిందో పీఠికలో రాసింది. నాగేశ్వరరావు పంతులు ‘మాలపల్లి’ని ఎందుకు మెచ్చారో పీఠికలో చెప్పారు. ఆక్షేపించినవారిలో ఎందరు ఆ పీఠికలను చదివారన్నదే అసలు ప్రశ్న. 1911లో అధికారుల చేతిలో ఉన్నది కొన్ని పద్యాల అనువాదం. 2017లో ఆవేశానికి కారణమైనది పదింటిలో ఒక కథ. పూర్తి గ్రంథం చదివిన తరువాత పుట్టిన నిషేధాలకంటే, చదవక ముందు పుట్టిన నిషేధాలే చరిత్రలో ఎక్కువగా కనిపిస్తాయి.

ఇదే న్యాయాన్ని వీరేశలింగం పంతులు విషయంలోనూ పాటించాలి. ముద్దుపళనిపై ఆయన రాసిన కొన్ని వాక్యాలను పట్టుకొని ఆయన్ను స్త్రీద్వేషిగా చిత్రించడం నేడు తేలికైన పని. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించి, వెలిని, బెదిరింపులను సహించిన మనిషి ఆయన. స్త్రీల చదువు కోసం ‘సతీహితబోధిని’ పత్రిక నడిపారు. వేశ్యావృత్తి నిర్మూలనకు పూనుకున్న సంస్కర్తకు ఆ కులంలో పుట్టిన కవయిత్రి కావ్యంలో కళకంటె వృత్తే కనిపించింది. అది ఆయన దృష్టిలోని పరిమితి, ఆయన జీవిత సర్వస్వం కాదు. ఒక్క గ్రంథాన్ని బట్టి నాగరత్నమ్మను తూచడం ఎంత తప్పో, ఒక్క తీర్పును బట్టి వీరేశలింగాన్ని తూచడమూ అంతే తప్పు.

నాగరత్నమ్మ ఉత్తర జీవితం ఇందుకు మరొక నిదర్శనం. కావేరీ తీరాన తిరువయ్యారులో శిథిలమై ఉన్న త్యాగరాజస్వామి సమాధిని ఆమె 1920 దశకంలో తన ఆర్జనతో ఉద్ధరించి ఆలయం కట్టించింది. స్త్రీలకు ఆరాధనోత్సవాలలో పాడే అవకాశం లేని రోజులలో తోటి గాయనీమణులను కూడగట్టి సమాధి వద్ద గానం చేయించింది. నేడు ఏటేటా వందలాది గాయకులు అక్కడ త్యాగయ్య కృతులు ఆలపిస్తున్నారంటే, అందులో ఆమె ఆస్తి, ఆమె పట్టుదల ఉన్నాయి. ‘రాధికా సాంత్వనా’న్ని అచ్చువేసిన చేయి, త్యాగరాజ సమాధిని కట్టించిన చేయి ఒక్కటే. మొదటిదానిని చూసి తీర్పు చెప్పినవారు రెండవదానిని ఊహించలేకపోయారు.

వావిళ్లవారి ముద్రణాలయంలో ‘రాధికా సాంత్వనం’ అచ్చవుతున్న కాలంలోనే సాక్‌చీలో కొలుములు లేచాయి. ముడి ఇనుప రాయి లక్షణం దాని పైరంగును బట్టి తెలియదని, కొలిమిలో కరిగిస్తేనే తెలుస్తుందని ఆ నగరంలో తరాలుగా పనిచేస్తున్న తెలుగు కార్మికులకు వేరే చెప్పనక్కరలేదు. గ్రంథం విషయంలో ఆ కొలిమి పూర్తి పఠనం. మనిషి విషయంలో అది పూర్తి జీవితం. నిషేధపు ఉత్తర్వుపై సంతకం చేసే అధికారికైనా, అరలోని పుస్తకాన్ని చూసి పొరుగువారిని అంచనా వేసే సామాన్యునికైనా, ఆ రెండూ ముగిసేవరకు తీర్పును ఆపుకోవడమే ‘రాధికా సాంత్వనం’ ఉదంతం నేర్పే వివేకం.